ఫ్రిజ్: ఇంట్లో ఉన్నంతకాలం, ఇల్లు దాటే రోజున

ఒకప్పుడు సంపన్నుల ఇళ్ళకే పరిమితమైన రిఫ్రిజిరేటర్ నేడు మధ్యతరగతి వంటింట్లో గ్యాస్ పొయ్యి తరువాత అంతటి స్థానాన్ని సంపాదించుకున్నది. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలో వైద్యవృత్తిలో ఉన్న నాకు రోగుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక అలవాటు ఏర్పడినది. నాడి చూసిన తరువాత ఇంటివారి అనుమతితో ఒకసారి ఫ్రిజ్ తలుపు తీసి చూస్తాను. ఆ ఇంటివారి జఠరాగ్ని సంగతి సగం అక్కడే తెలిసిపోతుంది. మొన్నటి సాంబారు, నాలుగు రోజులనాటి ఇడ్లీపిండి, మూత లేని పాలగిన్నె, దాని పక్కనే సగం కోసిన ఉల్లిపాయ, తలుపు అరలో తాతగారి ఇన్సులిన్ సీసా. చాలా ఇళ్ళలో కనిపించే దృశ్యం ఇదే.

ఫ్రిజ్‌ను ఎలా వాడుకోవలెనో కొంత, దానిని ఎలా వదిలించుకోవలెనో మరికొంత ఈ వ్యాసంలో వివరిస్తాను. రెండవ విషయాన్ని గురించి ఆరోగ్య పత్రికలలో వ్రాసేవారు తక్కువ. కానీ పాత ఫ్రిజ్ ఇల్లు దాటిన తరువాత చేసే హాని ఇంట్లో ఉండగా చేసే హానికి తీసిపోదు.

చలువ వచ్చే దారి

వేసవిలో మనం నీళ్ళు పోసుకునే మట్టికుండను, తెలంగాణలో రంజన్ అని పిలుచుకునే ఆ పాత్రను, గుర్తు చేసుకుంటే ఫ్రిజ్ పనితీరు సులభంగా అర్థమవుతుంది. కుండ ఒంటి నుంచి చెమ్మ ఊరి, ఆవిరిగా పోతూ, లోపలి నీటిలోని వేడిని తనతో తీసుకుపోతుంది. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావలెను. ఆ వేడిని అది తన పక్కనున్న వస్తువు నుంచి లాగుకుంటుంది. ఫ్రిజ్‌లో జరిగేదీ ఇదే. కుండ నుంచి ఆవిరి అయిన నీరు గాలిలో కలిసిపోతుంది, ఫ్రిజ్‌లోని ద్రవం మాత్రం మూసి ఉన్న సన్నని గొట్టాలలోనే తిరుగుతూ ఉంటుంది. లోపలి గొట్టంలో అది ఆవిరి అయి ఆహారంలోని వేడిని గ్రహిస్తుంది. అడుగున ఉన్న కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటి గొట్టాలలోకి నెడుతుంది. అక్కడ అది వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. ఫ్రిజ్ వెనుకనో పక్కగోడలకో చేతికి వెచ్చగా తగిలేది మీ కూరగాయల నుంచి బయటికి వచ్చిన ఆ వేడియే.

ఆ వేడి పోవడానికి దారి ఉండవలెను. కనుక ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య కనీసం బెత్తెడు ఖాళీ విడువవలెను. పొయ్యి పక్కన, ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచరాదు. గొట్టాలలో తిరిగే ఆ వాయువును మాత్రం జ్ఞాపకం ఉంచుకోండి. దాని సంగతి తరువాత వస్తుంది.

చలి కాలాన్ని ఆపదు

చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో భోజన నియమాలు చెబుతూ మొట్టమొదట విధించినది వేడిగా ఉన్న ఆహారాన్ని భుజించమని. వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానం ఎనిమిదవ అధ్యాయంలో చల్లారిన తరువాత మళ్ళీ వేడిచేసిన ఆహారాన్ని విడిచిపెట్టమన్నాడు. అట్లని ఫ్రిజ్‌ను వీధిలో పారవేయమని చెప్పేవారిలో నేను చేరను. భార్యాభర్తలిద్దరూ ఉదయం తొమ్మిదింటికి మెట్రో ఎక్కే ఇంట్లో పూటపూటకూ వండుకోమనడం వైద్యం కాదు, వేధింపు. శాస్త్రం చెప్పిన దానిలోని మర్మాన్ని గ్రహించి, ఉన్న సాధనాన్ని సరిగా వాడుకోవలెను.

ఆధునికులు చెప్పేదీ ఆ మర్మానికి దూరం కాదు. 5 డిగ్రీల సెంటీగ్రేడు నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న ఉష్ణోగ్రతలో సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగుతాయి. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన ఆహార భద్రతా సూత్రాలలో ఉన్నది. మన హైదరాబాదు ఏప్రిల్, మే నెలల ఎండలో ఆ రెండు గంటలు కూడా ఎక్కువే, ఒక గంటగా లెక్క వేసుకోవడం మంచిది. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు లేక అంతకు తక్కువ, ఫ్రీజర్‌లో సున్నాకు దిగువన 18 డిగ్రీలు ఉండవలెను. చిన్న థర్మామీటరును ఒక గ్లాసు నీళ్ళలో ముంచి రాత్రంతా మధ్య అరలో ఉంచితే మీ ఫ్రిజ్ ఏ స్థితిలో ఉన్నదీ ఉదయానికి తెలుస్తుంది.

ఇక్కడ మన ఇళ్ళలో ఒక పొరపాటు అభిప్రాయం పాతుకుపోయి ఉన్నది. పదార్థం పూర్తిగా చల్లారిన తరువాతనే ఫ్రిజ్‌లో పెట్టవలెనని చాలామంది గృహిణులు నమ్ముతారు. పెద్ద గిన్నెడు సాంబారు పూర్తిగా చల్లారడానికి నాలుగైదు గంటలు పడుతుంది. క్రిములకు కావలసింది ఆ నాలుగైదు గంటలే. పొగలు కక్కే గిన్నెను నేరుగా లోపల పెట్టమని నేను చెప్పడం లేదు. సాంబారును వెడల్పాటి, లోతు తక్కువ గిన్నెలలోకి పంచి, అడుగున చన్నీళ్ళ పళ్ళెం ఉంచితే అరగంటలో పొగ తగ్గుతుంది. అప్పుడు మూత పెట్టి లోపల ఉంచవలెను.

అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం వెచ్చగా, తడిగా చాలాసేపు ఉంటే అవి మొలకెత్తి ఒక విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం తరువాత ఎంత వేడిచేసినా నశించదు. అమీర్‌పేటలో కంప్యూటరు శిక్షణకు వచ్చి హాస్టళ్ళలో ఉండే యువకులు వాంతులతో నా వద్దకు వచ్చినప్పుడు అడిగితే తరచు ఒకే కథ చెబుతారు. రాత్రి పదకొండింటికి తెచ్చుకున్న బిర్యానీలో సగం బల్లమీద మిగిలింది, ఉదయం దానిని ఫ్రిజ్‌లో పెట్టారు, మధ్యాహ్నం వేడిచేసుకొని తిన్నారు. ఉదయం ఫ్రిజ్‌లో పెట్టడం దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లే. అటువంటి వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ద్రావణం కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండవలెను. మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా ఇంటివైద్యం చాలించి ఆసుపత్రికి తీసుకుపోవలెను.

మరి చద్దన్నం మాటేమిటని కొందరు అడుగుతారు. పెద్దలు తిన్న చద్దన్నం మజ్జిగ కలిపి పులియబెట్టినది, ఆ పులుపే దానికి కొంత రక్షణ. ఊరికే మిగిలిపోయిన అన్నం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

ఫ్రిజ్‌లో క్రిములు చావవు, మందగిస్తాయి. లిస్టీరియా వంటివి ఆ చలిలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటాయి. గర్భిణులు, వృద్ధులు ఫ్రిజ్‌లోని నిలవ పదార్థాలను బాగా కాగేటట్లు వేడిచేయకుండా తినరాదు. వండినవి పై అరలలో, పచ్చి మాంసం, చేపలు మూత ఉన్న డబ్బాలో అన్నిటికంటే కింద ఉంచవలెను. పచ్చి మాంసపు నీరు ఒక్క చుక్క పెరుగులో పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. వేడిచేసేటప్పుడు ఆ పూటకు కావలసినంతే బయటికి తీసి ఒక్కసారే మరిగించవలెను. గిన్నెనంతా తీసి, వేడిచేసి, మిగిలినది మళ్ళీ లోపల పెట్టే పద్ధతిని వాగ్భటుడే కాదు, ఏ వైద్యుడూ మెచ్చడు.

ఉల్లిపాయలు, బంగాళదుంపలు, అరటిపండ్లకు ఫ్రిజ్ అక్కరలేదు. తేనె పేరుకుపోతుంది. లేహ్యాలను, తైలాలను కూడా కొందరు ఫ్రిజ్‌లో దాస్తున్నారు. వీటికి కావలసింది పొడి చెంచా, బిగువైన మూత, నీడపట్టున చోటు. ఇన్సులిన్ సంగతి వేరు. వాడకం మొదలుపెట్టని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను. ఫ్రీజర్ అరకు ఆనుకొని గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, దానిని పారవేయవలెను. తలుపు అర మాటిమాటికీ వేడెక్కుతూ ఉంటుంది గనుక మధ్య అరలో చిన్న డబ్బాలో పెట్టడం ఉత్తమం.

కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుంటే ఫ్రిజ్‌లోని పదార్థాలు సుమారు నాలుగు గంటలపాటు క్షేమంగా ఉంటాయి. ఎంత చల్లగా ఉన్నదో చూద్దామని గంటకోసారి తలుపు తీసేవారి ఇంట్లో ఆ నాలుగు గంటలు రెండవుతాయి.

విద్యుత్తు, శుభ్రత

2023 అక్టోబరులో నిజామాబాద్ జిల్లాలోని ఒక సూపర్ మార్కెట్లో చాక్లెట్ల కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకున్న నాలుగేళ్ళ పాప విద్యుదాఘాతంతో మరణించినది. తండ్రి పక్కనే ఉన్నాడు. ఆ వార్త చదివిన రోజు ఎంతమంది తమ ఇంటి ప్లగ్గు వైపు చూసినారో తెలియదు. ఫ్రిజ్‌కు పైన లావుపాటి పిన్ను ఉన్న త్రీ పిన్ ప్లగ్గు తప్పనిసరి. ఆ పిన్ను ఎర్తింగుకు కలిసి ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించవలెను. ఇంటి మెయిన్ బోర్డులో విద్యుత్తు లీకైన క్షణాన కరెంటును తెంచే బ్రేకరు అమర్చుకొంటే ఇంకా మేలు. పాత అపార్టుమెంట్లలో ప్లగ్గుకు రంధ్రాలు మూడు ఉన్నా గోడలోపల ఎర్తు తీగె ఉండదు. తలుపు ముట్టుకుంటే చిమచిమలాడడం, తడి చేతికి చిన్నగా జిల్లుమనడం ఫ్రిజ్ ఇచ్చే హెచ్చరిక. చెప్పులు వేసుకొని తీస్తే సరిపోతుందని సర్దుకోరాదు. వెంటనే ప్లగ్గు తీసి మెకానిక్‌ను పిలవవలెను.

శుభ్రపరచడానికి ఖరీదైన ద్రావణాలు అనవసరం. ప్లగ్గు తీసి, లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల వంటసోడా కలిపి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. తలుపు రబ్బరు మడతలలో చేరే నల్లని బూజును పాత టూత్‌బ్రష్‌తో తీయవచ్చును. వాసన ఉంటే చిన్న గిన్నెలో బొగ్గుముక్కలు ఉంచండి, నిమ్మతొక్కల కంటే బాగా పనిచేస్తాయి. పేరుకున్న మంచును మాత్రం చాకుతో, స్క్రూడ్రైవరుతో గీకరాదు. ఆ సన్నని గొట్టానికి ఒక్క చిల్లు పడితే లోపలి వాయువంతా బయటికి పోతుంది.

ఆ వాయువు కథ

ఫ్రిజ్‌లు వచ్చిన కొత్తలో గొట్టాలలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడు వంటి విషవాయువులు నింపేవారు. అవి కారితే ప్రాణాల మీదికి వచ్చేది. 1928లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ అనే ఇంజనీరు బృందం ఫ్రియాన్ అనే వాయువును రూపొందించినది. అది మండదు, విషం కాదు. 1930లో ఆయన శాస్త్రవేత్తల సభలో ఆ వాయువును స్వయంగా పీల్చి, బయటికి ఊది కొవ్వొత్తిని ఆర్పి చూపించాడు. ప్రపంచమంతా నమ్మినది. అర్ధశతాబ్దం పాటు ఇళ్ళలోని ఫ్రిజ్‌లు దాదాపు అన్నీ దానితోనే నడిచినవి.

మన హైదరాబాదు ఇళ్ళకు ఆ వాయువు వచ్చిన దారిలో ముఖ్యమైనది ఆల్విన్ ఫ్రిజ్. అమీర్‌పేటకు కొద్ది దూరంలోనే ఉన్న సనత్‌నగర్‌లో హైదరాబాద్ ఆల్విన్ కర్మాగారం ఉండేది. 1942లో నిజాం కాలంలో ఏర్పడిన ఆ సంస్థ బస్సు బాడీలు, చేతిగడియారాలు, ఫ్రిజ్‌లు తయారుచేసినది. ఆంధ్రదేశంలో ఎన్నో మధ్యతరగతి కుటుంబాల మొదటి ఫ్రిజ్ అదే. 1990ల మధ్యకాలంలో ఆ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళినది. కర్మాగారం పోయినా ఫ్రిజ్‌లు అన్నీ పోలేదు. గట్టి రేకు, బరువైన తలుపు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళ బాల్కనీలలో అవి పప్పుల డబ్బాలు, పాత పేపర్లు దాచే బీరువాలుగా నిలిచి ఉండడం నేను చూస్తున్నాను. వాటి గొట్టాలలో ఆనాటి వాయువు ఇంకా ఉండవచ్చును.

ఆ వాయువు నేలమీద నిరపాయమే. పైకి చేరిన తరువాత, సూర్యుని అతినీలలోహిత కిరణాల నుంచి మనలను కాపాడే ఓజోన్ పొరను అది తినివేస్తుందని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు చెప్పారు. 1985లో దక్షిణ ధ్రువంపై ఓజోన్ రంధ్రం బయటపడినది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నవి. భారతదేశం 1992లో అందులో చేరి, 2008లో ఆస్తమా రోగుల పీల్పు మందులకు తప్ప ఈ వాయువుల తయారీని ఆపివేసినది. ఇట్లాగే సాగితే ధ్రువ ప్రాంతాలు మినహా మిగిలిన ప్రపంచంపై ఓజోన్ పొర సుమారు 2040 నాటికి 1980 నాటి స్థితికి వస్తుందని ఐక్యరాజ్య సమితి నిపుణులు 2023లో తెలిపారు. మానవజాతి కలిసికట్టుగా చేసిన మంచిపనులు కొద్ది, వాటిలో ఇది ఒకటి.

అయితే తయారీ ఆగినది గాని పాత పెట్టెలలో ఉన్నది ఎక్కడికీ పోలేదు. ఆ వాయువు నూరు గ్రాములు గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది సుమారు ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఆ పాత ఫ్రిజ్‌లలో గొట్టాలలో కంటే గోడల మధ్య నింపిన పసుపు స్పాంజిలోనే అటువంటి వాయువు ఎక్కువగా ఉంటుంది.

తరువాత వచ్చిన ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-134ఎ ఓజోన్‌ను ముట్టదు గాని భూమిని వేడెక్కిస్తుంది. ఇప్పుడు కొత్తగా కొనే ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఎ, అనగా ఐసోబ్యూటేన్. ఇది వంటగ్యాసుకు దగ్గరి బంధువు. పర్యావరణానికి మంచిది, కాని మండుతుంది. వెనుక కంప్రెసర్ మీది చీటీలో మీ ఫ్రిజ్ వాయువు పేరు ఉంటుంది. ఆర్-600ఎ అని ఉంటే, లోపల వాయువు ఉండగా మెకానిక్ మంటతో గొట్టాలు అతకడానికి ఒప్పుకోరాదు. ఒక వాయువుకు తయారైన ఫ్రిజ్‌లో చవకగా వస్తుందని మరొకటి నింపించరాదు. వెనుక బుస్సుమని శబ్దం వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, అగ్గిపుల్ల గీయకుండా, కిటికీలు తెరచి అందరూ బయటికి రావలెను.

ఇల్లు దాటే రోజు

ఆదివారం ఉదయం మా వీధులలో మైకు పెట్టుకొని పాత సామాన్లు కొనే బండి వస్తుంది. ఫ్రిజ్‌ను చూడగానే అతను ధర చెబుతాడు. అతనికి కావలసింది కంప్రెసర్, రాగి గొట్టాలు, అల్యూమినియం, ఇనుపరేకు. సుత్తి తీసుకొని గొట్టాన్ని తెంపగానే వాయువంతా క్షణంలో గాలిపాలు. కంప్రెసర్‌లోని నూనె మురికికాలువలోకి, స్పాంజి చెత్తకుప్పలోకి. ఆ స్పాంజిని తగులబెడితే కార్బన్ మోనాక్సైడు, సైనైడు వాయువులు వెలువడతాయి. తీగెల తొడుగులు కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులను కోస్తుంది. పొయ్యిలో వేప పుల్ల వేసినా దగ్గే మనం, ఆ పొగను రోజంతా పీల్చే మనిషిని గురించి ఆలోచించవలెను. తప్పు అతనిది అనడానికి నాకు మనసొప్పదు. అతని చేతికి ఆ పెట్టెను అప్పగించేది మనమే.

పాత ఫ్రిజ్‌ను స్వగ్రామానికి పంపడం, హాస్టల్ వారికి ఇవ్వడం మరొక అలవాటు. బాగా పనిచేసేది, ఎర్తింగు సరిగా ఉన్నది అయితే ఇవ్వవచ్చును. చలువ తగ్గి, తలుపు రబ్బరు వదులై, జిల్లుమనేదానిని ఇవ్వడం దానం అనిపించుకోదు. బాగుచేసే సౌకర్యాలు తక్కువైన ఊరికి మన తంటాను చేరవేయడమే అవుతుంది.

చట్టం దారి చూపుతున్నది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు 2012 మే నుంచి అమలులోకి వచ్చినవి, ఫ్రిజ్‌లు మొదటి నుంచీ వాటి పరిధిలో ఉన్నవి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న కొత్త నియమాల ప్రకారం, అమ్మిన కంపెనీలే తమ వంతు పాత సరుకు రిజిస్టరైన రీసైక్లర్ల చేత శుద్ధి అయ్యేటట్లు చూడవలెను. ఆ రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద ఉంటుంది. మన రాష్ట్ర మండలి కార్యాలయం కూడా దూరం కాదు, ఆల్విన్ ఫ్రిజ్‌లు తయారైన ఆ సనత్‌నగర్‌లోనే ఉన్నది. కాబట్టి ముందుగా ఫ్రిజ్ కంపెనీ సేవాకేంద్రానికి ఫోను చేసి, పాతది తీసుకుపోయే ఏర్పాటు ఏమున్నదో అడగవలెను. అమీర్‌పేట, పంజాగుట్ట దుకాణాలలో ఎక్స్ఛేంజ్ పద్ధతిన కొనేవారు ధర తగ్గింపు దగ్గరే ఆగిపోకుండా, మా పాతది ఎవరి చేతికి వెళుతుందని ఒక్క ప్రశ్న వేయవలెను. పదిమంది అడిగితే దుకాణదారు సమాధానం సిద్ధం చేసుకుంటాడు.

వాహనం రావడానికి ముందురోజే ప్లగ్గు తీసి, మంచు కరగనిచ్చి, లోపల తుడవవలెను. దింపేటప్పుడు పెట్టెను నిలువుగానే ఉంచమని కూలీలకు చెప్పవలెను.

పాత ఫ్రిజ్ కొన్ని రోజులు బాల్కనీలోనో, సెల్లారులోనో, మేడమీదనో ఉండవలసి వస్తే అన్నిటికంటే ముందు తలుపు ఊడదీయవలెను. దాగుడుమూతలు ఆడే పిల్లలకు ఖాళీ ఫ్రిజ్ చక్కని చోటుగా కనిపిస్తుంది. పాతకాలపు ఫ్రిజ్‌లలో పిడి తిప్పితే గొళ్ళెం పడేది, లోపలి నుంచి తీయడానికి వీలుండేది కాదు. గాలి చొరని ఆ పెట్టెలో పిల్లవాని ప్రాణం నిమిషాల మీద పోతుంది, అరిచినా బయటికి వినిపించదు. అమెరికాలో ఇటువంటి మరణాలు వరుసగా జరిగిన తరువాతనే, లోపలి నుంచి తెరుచుకునే తలుపులు ఉండవలెనని 1956లో చట్టం చేశారు. నేటి ఫ్రిజ్‌లకు గొళ్ళెం బదులు అయస్కాంతపు రబ్బరు ఉన్నది. అయినా మూడేళ్ళ పిల్లవాని బలం మీద భరోసా పెట్టుకోరాదు. కిరాణా దుకాణాలలోని ఐస్‌క్రీము ఫ్రీజర్లకు మూత పైన ఉంటుంది, తాళం కూడా ఉంటుంది. పక్కన పడవేసిన అటువంటి ఫ్రీజరు మరింత ప్రమాదకరం. తలుపు మరలు విప్పడం స్క్రూడ్రైవరుతో పదిహేను నిమిషాల పని. కొత్తవాటిలో తలుపు లోపల తీగెలు ఉంటాయి గనుక ప్లగ్గు తీసిన తరువాతనే మొదలుపెట్టవలెను. విప్పడానికి వీలుకాకపోతే తలుపు వైపును గోడకు ఆనించి నిలిపి, చుట్టూ గట్టి తాడు రెండు వరుసలు బిగించి, తీసుకుపోయేవారు వచ్చేదాకా పిల్లలను ఆ దరికి పోనీయకుండా చూడవలెను.